తరంగంబాడి ఆక్షేపణలు – బెస్కి సమాధానం: 18వ శతాబ్ది కథోలిక సమర్థనలో భాష పాత్ర

1. ఉపోద్ఘాతం

తెలుగు క్రైస్తవ సాహిత్య చరిత్రను సాధారణంగా ముద్రణతో ఆరంభించడం మన పరిశోధనలలో ఆనవాయితీ అయింది. 1746–47 ప్రాంతంలో జర్మనీలోని హాలే నగరంలో బెంజమిన్ షుల్జ్ అచ్చువేయించిన చిన్న పుస్తకాలు, 1812లో సిరాంపూరులో ముద్రణ పొందిన సువార్తలు, అటుపిమ్మట బైబిలు అనువాదాలు అనే వరుసలో ఈ చరిత్ర నడుస్తుంది. ఈ వరుసలో కనిపించేవారు దాదాపు అందరూ ప్రొటెస్టంట్ మిషనరీలే. వారికంటె ముందు నుంచీ దక్షిణాదిలో ఉన్న కథోలిక వాఙ్మయం ఒకటి రెండు వాక్యాల ప్రస్తావనతో సరిపోతుంది. గ్రంథాల లభ్యత ఇందుకు ఒక కారణమైతే, మనం పాటించే ప్రమాణం మరొక కారణం. అచ్చయిన గ్రంథం, సులభమైన వచనం, లేఖనానువాదం – ఈ మూడింటినీ క్రైస్తవ సాహిత్యానికి గీటురాళ్లుగా తీసుకొన్నాం. అయితే ఈ గీటురాళ్లే 18వ శతాబ్దిలో రెండు క్రైస్తవ శాఖల మధ్య జరిగిన తీవ్ర వివాదంలో వివాదాంశాలు.

ఆ వివాదానికి కేంద్రం తమిళదేశం. ఒక పక్షాన తరంగంబాడిలోని లూథరన్ మిషనరీలు, మరొక పక్షాన మధుర మిషన్‌కు చెందిన జెస్యూట్ గురువు కోన్‌స్తాంజో బెస్కి నిలిచారు. తమిళులు వీరమామునివర్‌గా గౌరవించే బెస్కిని మనం ఎక్కువగా నిఘంటుకారుడుగా, వ్యాకర్తగా, పరమానందయ్య శిష్యుల కథలకు దగ్గరి పోలిక గల పరమార్థగురు కథల కర్తగా ఎరుగుదుం. కథోలిక విశ్వాసాచారాలను సమర్థిస్తూ ఆయన చేసిన రచనలు తెలుగు పరిశోధకుల దృష్టికి అంతగా రాలేదు. ఆ సమర్థనలో భాష నిర్వహించిన పాత్రను పరిశీలించడం, దాని వెలుగులో తెలుగు సాహిత్య చరిత్రలోని ఒక అలవాటును పునర్విచారించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఏ శాఖ సత్యమో తేల్చడం సాహిత్య విద్యార్థి పని కాదు. ఒక విశ్వాసం తన్ను తాను సమర్థించుకొనేటప్పుడు ఏ వాదాలను, ఏ ప్రక్రియలను, ఏ పదజాలాన్ని ఆశ్రయించిందో చూడడం మాత్రం సాహిత్య చరిత్ర పనే.

2. వివాదానికి నేపథ్యం

తమిళంలో కథోలిక వాఙ్మయం 16వ శతాబ్దికే స్థిరపడింది. హెన్రికే హెన్రికెస్ కూర్చిన ‘తంబిరాన్ వణక్కం’ 1578లో కొల్లంలో అచ్చయింది. 1606లో మధుర చేరిన రొబెర్తో దె నోబిలి సంస్కృత, తమిళ, తెలుగు భాషలు అభ్యసించి, క్రైస్తవ భావాలకు దేశీయ పదజాలాన్ని విస్తృతంగా సమకూర్చాడు. సర్వేశ్వరుడు, జ్ఞానస్నానం, వేదం వంటి మాటలు క్రైస్తవార్థంలో ఈ పరంపర ద్వారానే నిలదొక్కుకొన్నాయి.

1706 జూలైలో డెన్మార్క్ రాజు నాలుగవ ఫ్రెడరిక్ పంపగా బార్తలోమేయుస్ జీగెన్‌బాల్గ్, హైన్రిఖ్ ప్లూచౌ తరంగంబాడిలో దిగారు. హాలే నగరపు భక్తివాద ఉద్యమంలో రూపుదిద్దుకొన్న ఈ లూథరన్లకు లేఖనపఠనమే విశ్వాసానికి మూలం. ప్రతి విశ్వాసి చేతికీ తన భాషలో బైబిలు చేరాలన్నది వారి సంకల్పం. ముద్రణయంత్రం సమకూరగానే తమిళ కొత్త నిబంధనను అచ్చువేయడం మొదలుపెట్టి 1715 నాటికి పూర్తిచేశారు. 1719లో జీగెన్‌బాల్గ్ మరణించగా, అసంపూర్తిగా మిగిలిన పాత నిబంధన అనువాదాన్ని షుల్జ్ పూర్తిచేశాడు.

గమనించదగిన విషయం ఒకటి ఉంది. జీగెన్‌బాల్గ్ తమిళం నేర్చుకొనే దశలో కథోలికుల తమిళ గ్రంథాలను సేకరించి చదివాడు. 1708లో తాను సేకరించిన తాళపత్ర గ్రంథాలకు ఆయన తయారుచేసిన వివరణాత్మక పట్టికలో వాటికీ చోటు ఉంది. దేవునికి ఆయన అనువాదంలో వాడిన ‘సర్వేశ్వరన్’ అన్న మాట కథోలికులు స్థిరపరచినదే. అంటే రెండు పక్షాలకూ ఆరంభంలో ఉమ్మడి పదసంపద ఉన్నది. వివాదం పరాయి భాషల మధ్య కాక ఒకే పదజాలంలో సాగింది.

బెస్కి 1680లో ఇటలీలోని కాస్తిల్యోనె దెల్లె స్తివియెరెలో జన్మించి, 1711 నాటికి మధుర మిషన్‌లో చేరాడు. కొల్లిడం నదీతీర ప్రాంతంలోని ఏలాకురిచ్చి ఆయన కార్యక్షేత్రం. దానికే తిరుక్కావలూర్ అని పేరు పెట్టి అడైక్కల మాతకు ఆలయం నిర్మించాడు. 1720ల చివరి సంవత్సరాలలో తంజావూరు సైన్యంలో పనిచేస్తున్న రాజనాయక్కన్ అనే కథోలికుడు, తరంగంబాడిలో అచ్చయిన తమిళ లేఖనాన్ని చదివి లూథరన్ పక్షంలో చేరి, ఉపదేశిగా ప్రచారం సాగించాడు. అచ్చు పుస్తకం ఒక మనిషిని గుడి మార్చింపగలదని మధుర మిషన్‌కు ఇది తెలియజెప్పింది. 1728లో బెస్కి రచించిన ‘వేదవిళక్కం’ ఈ సందర్భానికి చెందినది. లూథరన్ పక్షపు వాదాలను ఖండించే ‘పేదగమరుత్తల్’, వారి స్వభావాన్ని అధిక్షేపించే ‘లుత్తేరినత్తియల్బు’ అదే వివాదంలో వెలువడ్డాయి. ‘పేదగం’ అంటే భేదం, చీలిక. కనుక రెండవ గ్రంథనామానికి భేదఖండనమని అర్థం చెప్పుకోవచ్చు.

అప్పటికే మధుర మిషన్ మరొక దిక్కునుంచి కూడా ఆక్షేపణలు ఎదుర్కొంటున్నది. దేశీయాచారాలను జెస్యూట్లు క్రైస్తవంలోకి అనుమతించడాన్ని తప్పుపడుతూ పోపు ప్రతినిధి తుర్నోఁ 1704లో పుదుచ్చేరిలో శాసనం వెలువరించాడు. ఆ తగవు 1744లో పోపు 14వ బెనెడిక్ట్ శాసనంతోగాని ముగియలేదు. కనుక బెస్కి రాసిన కాలంలో మధుర కథోలికుల ఆచారాలు రోము దృష్టిలో అతిగా దేశీయం, తరంగంబాడి దృష్టిలో విగ్రహారాధనకు మారుపేరు. ఈ రెండు ఒత్తిళ్ల నడుమ రచించిన సమర్థనగా వాటిని చదవవలసి ఉన్నది.

3. ఆక్షేపణలు, సమాధానాలు

లూథరన్ ఆక్షేపణలలో ప్రధానమైనవి మూడు: విశ్వాసానికి లేఖనం ఒక్కటే ప్రమాణం కావాలి, ప్రతిమల ఎదుట మొక్కడం అజ్ఞానుల ఆచారం, మరియమాతను, పునీతులను వేడుకోవడం క్రీస్తు మధ్యవర్తిత్వానికి భంగం. కథోలిక పక్షం వీటికి ఇచ్చిన సమాధానాల చట్రం ట్రెంట్ మహాసభలో రూపొందింది. తమిళంలో జరిగిన సమర్థనకూ అదే ఆధారం.

3.1 లేఖనం, పరంపర

1546 ఏప్రిల్‌లో జరిగిన ట్రెంట్ మహాసభ 4వ సమావేశం లేఖనంతోపాటు అపొస్తలుల నుంచి వచ్చిన పరంపరను కూడా ప్రమాణంగా ప్రకటించింది. ఈ నిర్ణయం వెనుక ఉన్న తర్కం బలమైనది. ఏయే గ్రంథాలు లేఖనమో తెలిపే పట్టిక లేఖనంలో ఎక్కడా లేదు. ఆ పట్టికను నిర్ణయించినది విశ్వాసుల సంఘం. సంఘం నిర్ణయాన్ని ఆ పట్టిక విషయంలో అంగీకరించి, మిగిలిన విషయాలలో నిరాకరించడం పొసగదని కథోలికులు వాదించారు. నోటిమాటగా అందిన బోధను కూడా నిలుపుకొమ్మని పౌలు థెస్సలొనీకయులకు రాసిన రెండవ లేఖలో చెప్పడాన్ని, పౌలు లేఖలలో గ్రహించడానికి కష్టమైన సంగతులున్నాయని పేతురు రెండవ లేఖ అంగీకరించడాన్ని వారు ప్రమాణంగా చూపారు.

ఉత్తరించు స్థలం గురించిన వివాదం కూడా ఇక్కడికే చేరుతుంది. మృతుల కోసం ప్రార్థించడాన్ని సమర్థించే ప్రసిద్ధ ఆధారం మక్కబీయుల రెండవ గ్రంథం 12వ అధ్యాయంలో ఉంది. లూథర్ ఆ గ్రంథాన్ని చదవడానికి ఉపయోగకరమే గాని లేఖనంతో సమానం కాదన్నాడు. ట్రెంట్ సభ దానిని లేఖనంగానే నిలిపింది. ఆచారం తప్పొప్పుల చర్చ గ్రంథపట్టిక చర్చకు, అది మళ్లీ సంఘాధికార చర్చకు దారితీసింది. అందుచేతనే బెస్కి వంటి వారి దృష్టిలో విడివిడి ఆచారాలకన్నా సత్యసంఘమేది అన్న ప్రశ్నే మౌలికమయింది.

3.2 ప్రతిమ, వణక్కం

ప్రతిమల విషయంలో తరంగంబాడి ఆక్షేపణకు స్థానికమైన పదును ఉన్నది. జీగెన్‌బాల్గ్ 1713లో అచ్చువేసిన ‘అక్కియానం’ అనే కరపత్రం దేశీయ మతాచారాలను అజ్ఞానంగా నిరూపించబూనింది. రథాల మీద ప్రతిమలను ఊరేగించే కథోలికుల ఉత్సవాలను కూడా అదే చూపుతో చూడడానికి అవకాశం ఏర్పడింది. నిజానికి లూథర్ ప్రతిమాధ్వంసకుడు కాడు. 1522లో విట్టెన్‌బెర్గ్‌లో ప్రతిమలను పగులగొట్టిన వారిని ఆయన వారించాడు. అందువల్ల లూథరన్ల అభ్యంతరం ప్రతిమ ఉనికి మీద కంటె దాని ఎదుట జరిగే క్రియ మీద.

కథోలిక సమాధానం 787 నాటి రెండవ నికేయా మహాసభ నుంచి వస్తున్నది. ప్రతిమకు చేసిన గౌరవం ఆ ప్రతిమ సూచించే వ్యక్తికి చెందుతుంది. దేవునికి మాత్రమే చెందే ఆరాధన వేరు, పునీతులకు చేసే గౌరవం వేరు. 1563 డిసెంబరులో ట్రెంట్ సభ ఈ బోధను పునరుద్ఘాటిస్తూ, ప్రతిమలో దివ్యశక్తి ఉందని నమ్మడాన్ని తోసిపుచ్చింది. ప్రతిమలను ఆశ్రయించిన మూఢాచారాలను, అక్రమార్జనను తొలగించాలని కూడా ఆదేశించింది.

లాటిన్‌లో ఈ రెండింటికీ వేర్వేరు పారిభాషిక పదాలున్నాయి. తమిళంలో ‘వణక్కం’ దేవునికీ పెద్దలకూ ఒకటే. తెలుగులో నమస్కారం, దండం అంతే. తల్లిదండ్రులకు పెట్టే దండం, గురువుకు పెట్టే దండం, దేవునికి పెట్టే దండం క్రియలో ఒకటి, భావంలో భిన్నం. ఈ భాషాస్థితి కథోలిక సమర్థనకు ఒక కష్టాన్ని, ఒక సౌకర్యాన్ని కూడా కలిగించింది. ఆరాధన వేరు, గౌరవం వేరు అన్న విభజనను ఒక్క మాటతో చూపడం సాధ్యం కాకపోవడం కష్టం. ఒకే నమస్కారం పాత్రను బట్టి అర్థం మార్చుకొంటుందన్న సంగతి ఈ దేశంలో ఎవరికీ ప్రత్యేకంగా నేర్పనక్కరలేకపోవడం సౌకర్యం. వంగిన శరీరాన్ని మాత్రమే చూసి విగ్రహారాధన అని నిర్ణయించే వాదం ఇక్కడ తండ్రి పాదాలకు మొక్కే కొడుకును కూడా తప్పుపట్టవలసి వస్తుంది. ట్రెంట్ బోధకు దేశీయ మర్యాదలలోనే ఒక నిదర్శనం సిద్ధంగా ఉన్నదన్నమాట.

3.3 మరియమాత, పునీతులు

దేవునికీ మనుష్యులకూ మధ్యవర్తి క్రీస్తు ఒక్కడే అని పౌలు తిమోతికి రాసిన మొదటి లేఖ 2వ అధ్యాయంలో ఉన్నది. పునీతుల వేడుకోలుకు వ్యతిరేకంగా ప్రొటెస్టంట్లు చూపే ముఖ్యాధారం ఇదే. దీనికి కథోలిక పక్షాన రెండు రకాల సమాధానాలు వినిపిస్తాయి. రాజును చేరడానికి మంత్రి సాయం కోరినట్లు పునీతులను కోరడమని ఒకటి. ఒక విశ్వాసి మరొక విశ్వాసిని తనకోసం ప్రార్థించమని కోరినట్లే, మరణంతో తెగిపోని సంఘబంధం వల్ల పరలోకంలో ఉన్న వారిని కోరడమని రెండవది. మొదటిది ప్రజలకు సుబోధకమే కాని వాదంగా దుర్బలం. తండ్రి వంటి దేవుని వద్దకు సిఫారసు ఎందుకన్న ప్రశ్న అక్కడే పుడుతుంది. రెండవది దృఢమైనది. అదే లేఖ అదే అధ్యాయంలో అందరికోసం విజ్ఞాపనలు చేయమని పౌలు విశ్వాసులను కోరాడు. ఒకరికోసం ఒకరు ప్రార్థించడం క్రీస్తు మధ్యవర్తిత్వానికి పోటీ అయితే ఆ కోరికకు అర్థం ఉండదు.

4. భాషే వాదమైన తీరు

పైన చెప్పిన వాదాలు ఐరోపాలో అప్పటికి 200 ఏళ్లుగా నలిగినవే. వాటిని తమిళ వచనంలోకి తెచ్చినంతమాత్రాన బెస్కి ప్రత్యేకత తేలదు. ఆయన ప్రత్యేకత లూథరన్ల తమిళాన్నే విమర్శకు తీసుకోవడంలో ఉన్నది. ‘వేదవిళక్కం’లో ఆయన తరంగంబాడి బైబిలు భాషను తీవ్రంగా పరిహసించాడు. దీనిని పండితుని అహంకారంగా తీసిపారవేయడం సులభం. కాని వివాద సందర్భంలో ఆ పరిహాసానికి తాత్విక ప్రయోజనం ఉంది. లేఖనం ఒక్కటే ప్రమాణమని, దానిని ఎవరికి వారు తమ భాషలో చదువుకొని సత్యం గ్రహించవచ్చునని లూథరన్ల ప్రతిపాదన. తమిళ పాఠకుని చేతికి వచ్చేది మూల లేఖనం కాదు, అనువాదం. ఆ అనువాదం భాష తెలియక చేసినదైతే, ప్రమాణమన్నది అనువాదకుని సామర్థ్యం మీద ఆధారపడుతుంది. అప్పుడు లేఖనం ఒక్కటే అన్న మాట నిలవదు. లేఖనమూ అనువాదకుడూ అని చెప్పవలసి వస్తుంది. నమ్మదగిన బోధకుడు కావాలన్న కథోలిక సిద్ధాంతం ఈ దారిలో తిరిగి వస్తుంది. కనుక శైలీవిమర్శ ఇక్కడ ప్రమాణచర్చలో భాగం.

బెస్కి సమర్థన ఖండనగ్రంథాలతో ఆగలేదు. 1726లో ఆయన పూర్తిచేసిన ‘తేంబావణి’ 3,615 పద్యాల మహాకావ్యం. మరియమాత భర్త యోసేపు దాని నాయకుడు. ఆ పేరుకు గల వృద్ధి అనే అర్థాన్ని అనుసరించి కవి అతనికి ‘వళన్’ అని తమిళ నామం కల్పించాడు. సువార్తలలో యోసేపు గురించి ఉన్న సమాచారం చాలా కొద్ది. కావ్యవస్తువుకు బెస్కి ఆధారపడినవాటిలో ముఖ్యమైనది స్పెయిన్ దేశపు సన్యాసిని మరియ దె ఆగ్రెద రచన. లేఖనం వెలుపలి భక్తిపరంపర నుంచి తీసుకొన్న కథతో మహాకావ్యం నిర్మించడం పరంపరను ఆచరణలో సమర్థించడమే. ఈ కావ్యం లూథరన్లతో వాదించదు. వారు నిరాకరించిన దానిని సుందరంగా అనుభవానికి తెస్తుంది. దేశీయ కావ్యమర్యాదలన్నీ పాటించి, పరాయి మతమన్న భావన కలగనీయదు.

ప్రబంధభేదాలలోనూ ఇదే జరిగింది. ‘తిరుక్కావలూర్ కలంబకం’ ఏలాకురిచ్చి మాతను కలంబక ప్రక్రియలో స్తుతిస్తుంది. ‘కిత్తేరి అమ్మాళ్ అమ్మానై’ కితేరియా అనే కన్యాపునీత కథను స్త్రీల ఆటపాట అయిన అమ్మానై బాణీలో చెబుతుంది. ప్రతిమలను గౌరవించడం, పునీతులను వేడుకోవడం సిద్ధాంతంగా నేర్చుకొనే విషయాలు మాత్రమే కావు. పాడుకొనే, ఆడుకొనే, ఊరేగే జీవితంలో భాగాలు. జీవితంలో భాగమైన దానిని సమర్థించడానికి ఆ జీవితపు ప్రక్రియలే తగినవి.

5. సమర్థన పరిమితులు

ఈ సమర్థనకు కొన్ని పరిమితులు ఉన్నాయి. వాటిని ఉపేక్షిస్తే పరిశీలన పక్షపాతం అవుతుంది. మొదటిది, ఖండనగ్రంథాలలో వ్యక్తిదూషణ. లూథర్‌ను, ఆయన అనుయాయులను అధిక్షేపించడం వల్ల వారి ప్రశ్నకు సమాధానం చెప్పినట్లు కాదు. బోధకుని నడవడి తప్పైనంతమాత్రాన బోధ తప్పని తేలదు. ఆ నియమం రెండు పక్షాలకూ వర్తిస్తుంది.

రెండవది పాఠకులకు సంబంధించినది. ‘తేంబావణి’ని ఆస్వాదించగలవారు పండితులు. రాజనాయక్కన్ వంటి సామాన్య సైనికునికి అందినది అచ్చులో ఉన్న సాదా తమిళం. ఆ తమిళంలో దోషాలుండవచ్చును. కాని విద్యకు దూరంగా ఉంచబడిన కులాలలో పుట్టిన మనిషి లేఖనాన్ని తన చేతిలోకి తీసుకొని చదివి నిర్ణయించుకోవడం చిన్న విషయం కాదు. కులవ్యవస్థతో రాజీపడ్డ మధుర మిషన్‌లో బ్రాహ్మణులకు, ఇతరులకు వేర్వేరు వేషాలతో గురువులు పనిచేశారన్న సంగతి గుర్తుంచుకొంటే, ఆ అచ్చు పుస్తకం అతనికి ఏమిచ్చిందో అర్థమవుతుంది. తరంగంబాడి సంఘం కూడా కులభేదాలకు అతీతం కాదన్నది నిజమే. అయినా ఈ ప్రశ్నకు కావ్యసౌందర్యం సమాధానం కాజాలదు.

బెస్కి ఈ కొరతను పూర్తిగా ఎరుగనివాడు కాడు. 1727లో రచించిన ‘వేదియర్ ఒళుక్కం’ ఊరూరా తిరిగే ఉపదేశుల కోసం వచనంలో రాసినది. వాడుక తమిళానికి లాటిన్‌లో వ్యాకరణం రచించాడు. కాని ఆనాడు మధుర మిషన్‌కు అచ్చుయంత్రం లేదు. ఆయన గ్రంథాలు తాటాకుల మీద చేతులు మారాయి. ఇక్కడ ఒక విచిత్రం ఉంది. ఆ వాడుక తమిళ వ్యాకరణాన్ని 1738లో అచ్చువేసినది తరంగంబాడి లూథరన్ ముద్రణాలయమే. ఎవరి తమిళాన్ని ఆయన పరిహసించాడో వారే ఆయన వద్ద తమిళం నేర్చుకొన్నారు. తరువాతి తరంలో ఫబ్రీషియస్ తమిళ బైబిలును దాదాపు తిరగరాశాడు. పాత అనువాదపు భాష చాలదన్న అభిప్రాయం లూథరన్ వర్గంలోనే ఏర్పడిందనడానికి ఇది తార్కాణం. దేవునికి సర్వేశ్వరన్ అన్న మాటను విడిచి ఫబ్రీషియస్ ‘పరాపరన్’ను గ్రహించాడు. ఉమ్మడిగా ఉండిన పదజాలం చీలడం అక్కడ ఆరంభమయింది.

6. తెలుగు వాఙ్మయంలో ఈ చీలిక

ఈ వివాదపు రెండు ధోరణులూ తెలుగునేలను తాకాయి. తరంగంబాడి నుంచి 1726లో మదరాసు చేరిన షుల్జ్ అక్కడ తెలుగు నేర్చి, తెలుగు వ్యాకరణాన్ని లాటిన్‌లో రచించి, బైబిలును తెలుగులోకి అనువదించాడు. ఆ అనువాదం అచ్చుకాలేదు. 1743లో స్వదేశానికి మరలిన తరువాత హాలేలో తెలుగు అచ్చులు పోతపోయించి కొన్ని భక్తిగ్రంథాలు ముద్రింపించాడు. వాటిలో ఒకదాని పేరు ‘మోక్షానికి కొంచుపొయ్యే దోవ’. ఈ శీర్షిక ఒక్కటే ఆ ధోరణికి చక్కని సూచిక. ‘పొయ్యే’ అన్న వాడుక రూపం, ‘దోవ’ అన్న దేశ్యపదం ఆనాటి గ్రంథభాషలో చోటు దొరకనివి. మదరాసు వీధులలో వినిపించిన తెలుగు జర్మనీలో అచ్చెక్కింది. వ్యావహారిక భాషావాదానికి చాలా ముందే, వేరే ప్రయోజనం కోసం, వాడుక తెలుగు ముద్రణలో ప్రవేశించిందని చెప్పవచ్చును.

కథోలిక ధోరణి మరొక దారి పట్టింది. ఫ్రెంచి జెస్యూట్ల కర్ణాటక మిషన్ 18వ శతాబ్ది తొలి దశాబ్దాలలో పుంగనూరు వంటి తెలుగు ప్రాంతాలలో పనిచేసింది. ఆ మిషన్‌కు చెందిన కూర్డూ తెలుగు నిఘంటు రచనకు, సంస్కృత గ్రీకు లాటిన్ భాషల సంబంధాన్ని 1767లో ఫ్రెంచి అకాడమీ దృష్టికి తెచ్చిన లేఖకు ప్రసిద్ధుడు. మంగళగిరి ఆనందకవి ‘వేదాంత రసాయనం’ క్రీస్తు చరిత్రను పద్యకావ్యంగా నిలిపింది. క్రైస్తవ వస్తువుకు ‘వేదాంత’ శబ్దంతో పేరు పెట్టడం, ప్రబంధమర్యాదను స్వీకరించడం, బెస్కి తమిళంలో నడచిన బాటకు దగ్గరగా ఉన్నాయి. తెలుగు కవి బెస్కిని అనుసరించాడని దీనివల్ల చెప్పరాదు. దేశీయ కావ్యభాషలోనే విశ్వాసం గౌరవంగా నిలవగలదన్న దృష్టి ఇద్దరిలోనూ సమానం.

చీలిక నేటి తెలుగులో ఇంకా వినిపిస్తుంది. కథోలికులకు జ్ఞానస్నానం, ప్రొటెస్టంట్లకు బాప్తిస్మం. కథోలికులు పునీతులు అన్నచోట ప్రొటెస్టంట్లు పరిశుద్ధులు అంటారు. దివ్యసత్ప్రసాదం ఒకరిది, ప్రభురాత్రి భోజనం మరొకరిది. యేసు సాకుడుతండ్రి ఒక ఇంట జోజప్ప, మరొక ఇంట యోసేపు. ఈ జంటలలో కథోలిక రూపాలు చాలావరకు దేశీయ మతపరిభాషను ఆశ్రయించాయి. ప్రొటెస్టంట్ రూపాలు గ్రీకు మూలపదాన్నో లేఖనంలోని వర్ణననో అంటిపెట్టుకొన్నాయి. ‘బాప్తిస్మం’ మూలశబ్దాన్ని నిలిపింది. ‘జ్ఞానస్నానం’ ఆ సంస్కారం అర్థాన్ని వివరించింది. శబ్దాన్ని కాపాడాలా, అర్థాన్ని వివరించాలా అన్న ఈ భేదంలో లేఖనం, పరంపర అన్న పాత వివాదమే చిన్న రూపంలో ఉన్నది. సమాజంలో పక్కపక్కనే నివసించే రెండు శాఖల తెలుగువారు ఒకే సంస్కారాన్ని వేర్వేరు పేర్లతో పిలవడానికి ఈ చరిత్ర కారణం. మాండలిక భేదమనో, అనువాదకుల ఇచ్ఛ అనో సరిపెట్టుకోవడం చాలదు.

7. ఉపసంహారం

బెస్కి సమర్థన మూడు స్థాయులలో సాగింది. ట్రెంట్ మహాసభ తర్కాన్ని దేశభాషా వచనంలోకి తేవడం మొదటిది. ప్రతిపక్షపు అనువాదభాషను పరీక్షించి, బోధకుడు లేని లేఖనం నిలవదని చూపడం రెండవది. వివాదంలో ఉన్న భక్తిని దేశీయ కావ్యప్రక్రియలలో ప్రతిష్ఠించడం మూడవది. మొదటిదానిలో ఆయన ఋణగ్రస్తుడు. రెండవదానిలో నిశితుడు, అక్కడక్కడ నిష్ఠురుడు. మూడవదానిలో మాత్రం సాటిలేనివాడు. సామాన్యుని చేతికి పుస్తకం అందించాలన్న లూథరన్ ఆశయానికి ఈ మూడు స్థాయులలో దేనిలోనూ పూర్తి సమాధానం లేదన్నదీ అంతే నిజం.

తెలుగు సాహిత్య చరిత్రకు దీనివల్ల ఒక ప్రశ్న మిగులుతున్నది. అచ్చయినదే ఆరంభమని, సులభవచనమే క్రైస్తవ సాహిత్య లక్షణమని, బైబిలు అనువాదమే దాని కేంద్రమని మనం అనుకొన్నప్పుడు, 18వ శతాబ్ది వివాదంలో ఒక పక్షం ప్రమాణాలను తటస్థమైన చారిత్రక ప్రమాణాలుగా స్వీకరించాం. ఆ ప్రమాణాలతో కొలిస్తే తాటాకు మీది ఉపదేశగ్రంథం, మరియమాత పాట, పునీతుల కథ, ప్రబంధశైలిలోని క్రీస్తుచరిత్ర ఎప్పుడూ అనుబంధంగానే మిగులుతాయి. హాలే ముద్రణల విలువను తగ్గించనక్కరలేదు. వాడుక తెలుగుకు అవి చేసిన మేలు గొప్పది. వాటి పక్కనే కథోలిక లిఖిత, మౌఖిక సంప్రదాయాన్ని కూడా ఉంచి, ప్రక్రియ, పదజాలం, పాఠకవర్గం అనే మూడు కోణాలనుంచి తులనాత్మకంగా పరిశీలించినప్పుడే తెలుగు క్రైస్తవ సాహిత్య చరిత్ర సమగ్రమవుతుంది. జపమాల పాటలు, తిరునాళ్ల కీర్తనలు, పాత సత్యోపదేశ ప్రతులు ఆ పరిశీలనకు తొలి సామగ్రి కాగలవు. విచారణల కథోలిక గృహాలలోను, గుడుల పెట్టెలలోను ఉన్న అటువంటి ప్రతుల సేకరణ, సూచీకరణ వెంటనే చేపట్టవలసిన పని.